ఉపగ్రహం చెప్పే అంకె నిజమేనా? విమానంలోని స్పెక్ట్రోమీటర్‌తో సరిచూసే పద్ధతి

కిరాణా కొట్టులో కాటా మీద అనుమానం వస్తే తూనికలు కొలతల శాఖ వాళ్ళు ముద్ర వేసిన తమ రాళ్ళు తెచ్చి దాన్ని పరీక్షిస్తారు. ఉపగ్రహంలో ఉండే సెన్సర్ కూడా ఒక కాటాయే, అది తూచేది వెలుతురు. చిక్కేమిటంటే శ్రీహరికోట నుంచో అమెరికాలోని వాండెన్‌బర్గ్ నుంచో ఒకసారి పైకి పంపాక దాన్ని మళ్ళీ ల్యాబుకి తెచ్చుకోలేం. రాకెట్ కుదుపులకు లోపలి అద్దాలు వెంట్రుకవాసి కదలొచ్చు, శూన్యంలో ఫిల్టర్ల తీరు మారొచ్చు, డిటెక్టర్ ముసలిదైపోవచ్చు. కాబట్టి రాయినే కాటా దగ్గరికి మోసుకెళ్ళాలి. ఆ రాయి విమానంలో ఎగిరే ఇమేజింగ్ స్పెక్ట్రోమీటర్. నేల మీద ప్రతి చిన్న గడి నుంచి వచ్చే వెలుతురును వందల సన్నటి బ్యాండ్లుగా విడగొట్టి కొలిచే కెమెరా అనుకోండి.

ఇదంతా అవసరమా అనుకునేవాళ్ళకు ఒక్క ఉదాహరణ చాలు. నాసా 2000 నవంబరులో ఈఓ-1 ఉపగ్రహాన్ని పంపింది. అందులో హైపెరియాన్ అనే హైపర్‌స్పెక్ట్రల్ (వెలుతురును వందల బ్యాండ్లలో కొలిచే) సెన్సర్ ఉంది. 2001 ఫిబ్రవరిలో అర్జెంటీనాలోని సలార్ దె అరిజారో ఉప్పు మైదానం మీద అది వెళ్ళే సమయానికే, దాని కింద ఏవిరిస్ అనే స్పెక్ట్రోమీటర్‌ను మోస్తూ విమానం ఎగిరింది. ఇంకో జట్టు నేల మీద నిలబడి కొలతలు తీసుకుంది. ఇలాంటి పరీక్షల ఆధారంగా ఆ ఏడాది చివరికి హైపెరియాన్ అంకెలను సవరించారు: కంటికి కనిపించే వెలుతురు, దాని పక్కనున్న సమీప పరారుణం వైపు 8%, ఇంకా అవతల ఉండే షార్ట్‌వేవ్ పరారుణం వైపు 18%. ల్యాబులో అన్నీ చూసుకుని పంపిన పరికరంలో తేలిన తేడా అది. 18% తప్పు అంకెతో ఖనిజాల మ్యాపు గీస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఈ పని మీరు చేయాల్సి వస్తే ఏ వరసలో చేయాలో, ఎక్కడ కాలు జారుతుందో చెబుతాను.

ముందు మీ రాయికి ముద్ర ఉందా?

కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. విమానంలో ఉన్న పరికరం చెప్పిందే నిజం, ఉపగ్రహానిదే తప్పు అన్న నమ్మకంతో పని మొదలుపెడతారు. ముందు అనుమానించాల్సింది మీ చేతిలో ఉన్న పరికరాన్నే.

ల్యాబులో మూడు పనులుంటాయి. మొదటిది చీకటి కొలత. షట్టర్ మూసి, వెలుతురు అసలు పడనప్పుడు డిటెక్టర్ ఏ అంకె ఇస్తుందో రాసుకోవాలి. కనీసం కొన్ని వందల ఫ్రేములు తీసి సగటు కట్టండి. ఈ అంకె డిటెక్టర్ వేడితో మారుతుంది కాబట్టి పక్కనే ఉష్ణోగ్రత కూడా రాయండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. మానేస్తే మాత్రం తర్వాతిదంతా వృథా.

రెండోది తరంగదైర్ఘ్యం. ఫలానా బ్యాండు 760 నానోమీటర్లదని ఫైల్లో రాసి ఉంటుంది. అది నిజంగా 760 దగ్గరే ఉందా, 761 దగ్గరా? దీనికి పాదరసం, నియాన్, ఆర్గాన్ దీపాలు వాడతారు. పాదరసం పచ్చగీత 546.07 దగ్గర, నియాన్ గీత 640.22 దగ్గర, ఆర్గాన్ గీతలు 763.51, 811.53 దగ్గర ఉంటాయి. ఈ చోట్లు ఎవరికోసమూ మారవు. దీపం వెలిగించి స్క్రీన్ మీద ఒక్క ఫ్రేమ్ తెరిచి చూడండి. అడ్డంగా నేల మీది పిక్సెళ్ళు, నిలువుగా రంగులు. పాదరసం పచ్చగీత ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా లాగి కట్టిన దారంలా తిన్నగా ఉండాలి. రెండు చివర్లూ పైకి లేచి మధ్యలో వంగిందంటే ఆ లోపాన్ని ఈ రంగంలో ‘స్మైల్’ అంటారు. చూడ్డానికి నవ్వులాగే ఉంటుంది, సరిచేయడానికి కూర్చున్నవాడికి మాత్రం నవ్వు రాదు. అది ఉంటే ఫ్రేమ్ మధ్యలోని పిక్సెల్‌కూ అంచు పిక్సెల్‌కూ ఒకే బ్యాండు వేర్వేరు తరంగదైర్ఘ్యాలను చూస్తున్నట్టు. అందుకే మధ్యలో ఒక్కచోట కొలిచి ఊరుకోకుండా అడ్డంగా చాలా చోట్ల కొలవండి. ప్రతి బ్యాండుకూ, ప్రతి పిక్సెల్‌కూ కేంద్రం ఎక్కడుంది, వెడల్పు ఎంత అన్నవి పట్టిక కట్టండి.

దీనికి తమ్ముడు ‘కీస్టోన్’. నేల మీద ఒకే చుక్క నీలం బ్యాండులో ఒక పిక్సెల్‌లోనూ ఎరుపు బ్యాండులో పక్క పిక్సెల్‌లోనూ పడటం. ఉప్పు మైదానం లాంటి ఒకే రకం నేల మీద ఇది బయటపడదు. గట్టు పక్కన పొలం ఉన్నచోట చెట్టు స్పెక్ట్రమ్‌లో మట్టి కలిసిపోతుంది.

షార్ట్‌వేవ్ పరారుణం వైపు దీపాల గీతలు పలచగా ఉంటాయి. అక్కడ మోనోక్రోమేటర్‌తోనో (ఒక్క సన్నటి తరంగదైర్ఘ్యాన్నే బయటికి వదిలే పరికరం), తరంగదైర్ఘ్యం మార్చుకోగలిగే లేజర్‌తోనో ఒక్కో నానోమీటరూ జరుపుకుంటూ వెళ్ళాలి. విసుగు పుట్టించే పనే, రెండు రోజులు పడుతుంది. చేయండి.

మూడోది అసలు తూకం, అంటే రేడియన్స్: ఒక దిశలో పరికరంలోకి వచ్చే వెలుతురు ఎంతన్నది. 1000 వాట్ల ఎఫ్ఈఎల్ హాలోజన్ దీపం, జాతీయ కొలతల సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌తో వస్తుంది. అమెరికాలో ఆ సంస్థ ఎన్ఐఎస్‌టీ, మన దగ్గర ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. దీపాన్ని పడ్డ వెలుతురునంతా దాదాపు తిప్పికొట్టే తెల్లటి స్పెక్ట్రలాన్ ప్యానెల్‌కు సరిగ్గా 50 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ప్యానెల్ మీద నుంచి వచ్చే వెలుతురును పరికరంతో చూస్తారు. ‘సరిగ్గా’ అన్న మాట ఊరికే అనలేదు. వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కదా, 500 మిల్లీమీటర్లలో ఒక్క మిల్లీమీటర్ తప్పితే 0.4% తేడా. టేపు పెట్టి కొలిస్తే చాలదు, కొలత ముందే తెలిసిన లోహపు కడ్డీ వాడండి. దీపం వెలిగించిన వెంటనే కొలవకండి, అరగంట ఆగండి. అది ఎన్ని గంటలు వెలిగిందో చిన్న నోటుపుస్తకంలో రాస్తూ ఉండండి. 50 గంటలు దాటాక చాలా ల్యాబులు దాన్ని మళ్ళీ పరీక్షకు పంపుతాయి.

ప్యానెల్ మీది వెలుతురు పరికరం కంటి నిండా సమంగా పరచుకోదు. అందుకని ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ కావాలి. లోపలంతా తెల్లగా ఉండి, నోటి దగ్గర ఎటు చూసినా ఒకే వెలుగునిచ్చే గోళం అది. దాంతో పిక్సెళ్ళ మధ్య హెచ్చుతగ్గులు సరిచేయండి. దాని వెలుగును నాలుగైదు మెట్లలో తగ్గించి అంకె కూడా అదే లెక్కన తగ్గుతోందో లేదో చూడండి.

ఒక మెలిక ఉంది. హాలోజన్ దీపం ఉష్ణోగ్రత దాదాపు 3000 కెల్విన్లు, సూర్యుడిది 5800 దాకా. దీపంలో ఎరుపు, పరారుణం దండిగా ఉంటాయి, నీలం బొటాబొటి. పరికరం లోపల ఎర్రటి వెలుగు ఎక్కడో తగిలి చెదిరి నీలం పిక్సెళ్ళ మీద కాస్త పడినా ల్యాబులో నీలం కొలత ఉబ్బిపోతుంది. బయట సూర్యుడి కింద ఆ నిష్పత్తి వేరు కాబట్టి తప్పు వేరే వైపు తిరుగుతుంది. 450 కంటే తక్కువ తరంగదైర్ఘ్యాల్లో వచ్చిన ఏ అంకెనైనా నేను రెండుసార్లు చూస్తాను.

విమానం ఎక్కించాక

ల్యాబులో ఉన్న పరికరం, విమానంలో బిగించిన పరికరం ఒకటే అనుకోకండి. హ్యాంగర్‌లోనే చిన్న స్ఫియర్‌ను విమానం పొట్ట కిందికి దొర్లించి, ఎగరబోయే ముందు ఒకసారి, దిగిన తర్వాత ఒకసారి కొలవండి. రెండూ కలిస్తే మధ్యలో ఏమీ జరగలేదని ధైర్యం.

చాలామంది మరిచిపోయేది కిటికీ అద్దం. పరికరం కింద గాజు ఉంటే, ఆ గాజుతో కలిపే కాలిబ్రేషన్ (తెలిసిన వెలుతురుతో పరికరం అంకెను సరిచూడటం) చేయాలి. ఒకసారి మా జట్టులోనే రెండు వారాలు తలలు పట్టుకున్నాం. ల్యాబు అంకెలకూ నేల అంకెలకూ అన్ని బ్యాండ్లలో ఏడెనిమిది శాతం తేడా. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర 4% వెలుతురును వెనక్కి కొడుతుందన్న పదో తరగతి సంగతి మాకెవరికీ గుర్తు రాలేదు!

ఇంకొకటి గడియారం. జీపీఎస్ సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కన్నా 18 సెకన్లు ముందుంటుంది. విమానం సెకనుకు 100 మీటర్లు వెళ్తుంటే అది 1.8 కిలోమీటర్ల తేడా. పైలట్ మన సమయంలో మాట్లాడతాడు, ఉపగ్రహం పట్టిక యూటీసీలో ఉంటుంది, మధ్యలో అయిదున్నర గంటల కూడిక. అందరూ ఒకే కాగితం మీద మూడు సమయాలూ పక్కపక్కన రాసుకుని వెళ్ళండి.

చోటు, తేదీ

కావాల్సిన నేల ఇలా ఉండాలి: చదునుగా, వెలుతురును బాగా తిప్పికొట్టేలా, పైర్లు లేకుండా, గాలిలో దుమ్మూ తేమా తక్కువగా. ఎత్తులో ఉంటే మరీ మంచిది. అరిజారోను ఎంచుకున్నది ఊరికే కాదు, అది దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంది, గాలి మందంలో మూడో వంతు కిందే ఉండిపోతుంది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని రైల్‌రోడ్ వ్యాలీ ఎండిన చెరువు ఈ పనికి పేరు పడ్డది. మన దేశంలో ఇస్రో వాళ్ళు గుజరాత్ కచ్ ప్రాంతంలోని దేసల్‌పర్‌ను వాడతారు. సముద్రపు రంగు చూసే సెన్సర్లకైతే లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర నీళ్ళు.

మన ఊళ్ళ దగ్గర ఎందుకు కాదని అడుగుతారు. దక్కన్ పొలాల్లో ఓ 300 మీటర్లు నడవండి. పత్తి, కంది, మధ్యలో గట్టు, పక్కన బోరుబావి షెడ్డు, అవతల ఎర్రనేల దుక్కి. ఉపగ్రహానికి 30 మీటర్ల పిక్సెల్ ఉంటే కనీసం పది పిక్సెళ్ళ పొడవూ పది పిక్సెళ్ళ వెడల్పూ ఒకే రకం నేల కావాలి. అది ఇక్కడ దొరకడం కష్టం. విమానం మాత్రం మన దగ్గరిదే కావచ్చు. 2015 డిసెంబరు నుంచి 2016 మార్చి దాకా నాసా వారి ఏవిరిస్-ఎన్‌జీ పరికరాన్ని ఇస్రో బీ-200 విమానంలో బిగించి దేశంలో 50కి పైగా ప్రాంతాల మీద ఎగరేశారు. హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ విమానమది. ఆ పరికరానికి 380 నుంచి 2510 నానోమీటర్ల దాకా 5 నానోమీటర్లకొక బ్యాండు. ఆ తర్వాత 2018 నవంబరు 29న ఇస్రో సొంత హైపర్‌స్పెక్ట్రల్ ఉపగ్రహం హైసిస్ శ్రీహరికోట నుంచి వెళ్ళింది.

తేదీ ఎంచుకునేటప్పుడు ఉపగ్రహం నేరుగా నెత్తి మీద నుంచి వెళ్ళే రోజులే చూడండి. అయిదారు తేదీలు చేతిలో ఉంచుకోండి, మబ్బులు మీ షెడ్యూల్ అడిగి రావు.

నేల మీది జట్టు

ఇక్కడ ఆగి కాస్త వివరంగా చెప్పాలి. ఈ పనిలో ఖర్చు విమానానిది, ఫలితం నేల మీది మనుషులది.

తెల్లవారకముందే చేరుకోండి. సన్ ఫొటోమీటర్ (నేరుగా సూర్యుడి వెలుగును కొలిచే పరికరం) సూర్యుడు పొడిచినప్పటి నుంచీ కొలవాలి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఎక్కువ గాలిలోంచి వస్తుంది, పొద్దెక్కేకొద్దీ తక్కువ గాలిలోంచి. గాలి మందం అడ్డంగా, కొలిచిన వెలుగు లాగరిథమ్ నిలువుగా గీస్తే వచ్చే తిన్నటి గీతను లాంగ్లీ గీత అంటారు. దాని వాలు ఆ రోజు గాలిలో దుమ్ము ఎంతుందో చెబుతుంది. గీత తిన్నగా రాకుండా వంకర్లు పోతే పొద్దున్నుంచీ గాలి మారుతోందని అర్థం. అలాంటి రోజు కొలతలు తీసుకోండి గానీ నమ్మకండి. నా లెక్క చెప్పమంటే 550 నానోమీటర్ల దగ్గర ఏరోసాల్ మందం (గాలిలో దుమ్ము వెలుతురును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 0.1 లోపు ఉంటే పండగ, 0.2 దాటితే మూట సర్దుకోవడమే మేలు.

నేల రిఫ్లెక్టెన్స్, అంటే పడ్డ వెలుతురులో నేల ఎంత వంతు తిప్పికొడుతుందో, కొలిచేవాళ్ళు 350 నుంచి 2500 దాకా చూసే ఫీల్డ్ స్పెక్ట్రోమీటర్‌ను వీపున వేసుకుని నడుస్తారు. పద్ధతి ఇది: ముందు తెల్ల ప్యానెల్‌ను చూడాలి, ఒక వరస నేల కొలవాలి, మళ్ళీ ప్యానెల్. అయిదు నిమిషాలకు మించి ప్యానెల్ చూడకుండా ఉండకూడదు. నేల కొలతను ప్యానెల్ కొలతతో భాగిస్తే రిఫ్లెక్టెన్స్ వస్తుంది కాబట్టి తప్పులన్నీ ప్యానెల్ దగ్గరే పోగవుతాయి.

ప్యానెల్ స్టాండు మీద నీటిబుడగ లెవెల్ ఉంటుంది. సూర్యుడు నడినెత్తి నుంచి 40 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు ప్యానెల్ ఒక్క డిగ్రీ అవతలికి వాలితే కొలత 1.5% తగ్గుతుంది. ఎండిన చెరువు పైపొర అప్పడంలా ఉంటుంది, స్టాండు కాలు ఒకటి మెల్లిగా దిగబడుతుంది. మొదట్లో సరిచేసిన బుడగ గంట తర్వాత పక్కకి జరిగి ఉండటం ఒకటికి పదిసార్లు చూశాను. కాళ్ళ కింద చిన్న చెక్కముక్కలు పెట్టండి, ప్రతిసారీ బుడగ చూసే పని ఒక్కరికే అప్పజెప్పండి.

ప్యానెల్‌ను వేళ్ళతో ముట్టుకోవద్దు. చర్మం మీది జిడ్డు దాని రంధ్రాల్లోకి దిగుతుంది, కంటికి కనిపించదు, పరికరానికి కనిపిస్తుంది. దుమ్ము పడితే గుడ్డతో తుడవకండి, శుభ్రమైన పొడిగాలి ఊదండి. మొండి మరకైతే 220 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం), ధార కింద పెట్టి సున్నితంగా రుద్దాలి. ఆ తర్వాత ప్యానెల్‌ను కొత్తగా కాలిబ్రేట్ చేయించాలి, పాత సర్టిఫికెట్ చెల్లదు.

ముదురు రంగు బట్టలు వేసుకోండి. తెల్లచొక్కా వేసుకుని ప్యానెల్ పక్కన నిలబడ్డవాడు దాని మీదికి ఎండను మళ్ళిస్తాడు. నీడ కొలిచే చోట పడకుండా సూర్యుడికి ఎదురుగానో పక్కగానో నిలబడి నడవండి. తొక్కిన నేలను మళ్ళీ కొలవకూడదు, విరిగిన పైపొర కింద మట్టి రంగు వేరు. జీపు మీరు కొలిచే నేల చదరంలోకి రాకుండా నాలుగు మూలలా జెండాలు పాతండి. కానిస్టేబుల్‌లా కాపలా కాయాల్సి వచ్చినా సరే.

ఎగరడం

ఉపగ్రహం దాటే క్షణానికి విమానం చదరం నడిమధ్యన ఉండాలి. దానికి ముందు ఒక గీత, తర్వాత ఒక గీత ఎగిరితే మంచిది. ఎందుకింత పట్టుదల అంటే, పదిన్నర ప్రాంతంలో అరగంటలో సూర్యుడు అయిదారు డిగ్రీలు పైకి లేస్తాడు. నడినెత్తి నుంచి 45 డిగ్రీలు వాలి ఉన్నవాడు 40కి వస్తే నేల మీద పడే వెలుతురు 8% పెరుగుతుంది. ఆ తేడాను లెక్కతో సరిచేయొచ్చు, కానీ నేల తన మెరుపును ఎటు చూస్తే ఎంత చూపిస్తుందన్నది కూడా మారుతుంది. ఆ రెండోది లెక్కకు అంత తేలిగ్గా లొంగదు.

దిశ దగ్గర ఒక తగువు ఉంది. సూర్యుడి వైపుగానో, సూర్యుడికి వీపు చూపిస్తూనో ఎగిరితే ఫ్రేమ్ ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వెలుగులో మార్పు తక్కువ. నేల మ్యాపు తీసేవాళ్ళు అలాగే ఎగరాలి. మీరు ఉపగ్రహంతో పోల్చాలనుకుంటున్నారు. కాబట్టి ఉపగ్రహం దారికి సమాంతరంగా ఎగిరి, అది ఏ కోణంలో చూస్తోందో అదే కోణంలో చూసే పిక్సెళ్ళను మాత్రమే తీసుకోండి. మిగతావి ఎంత అందంగా కనిపించినా పక్కన పెట్టండి.

ఎత్తు సంగతి: 8 కిలోమీటర్ల ఎత్తులో ఎగిరే విమానానికి పైన ఇంకా మూడో వంతు పైగా గాలి ఉంటుంది. నీటి ఆవిరి దాదాపు అంతా కిందే ఉండిపోతుంది. నాసా ఈఆర్-2 విమానం 20 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తుంది, అక్కడి నుంచి చూస్తే గాలిలో 95% దాకా కిందే. ఓజోన్‌లో పెద్ద భాగం మాత్రం ఇంకా పైనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో కాలిఫోర్నియా దగ్గర నాసా వారి పేస్ ఉపగ్రహాన్ని సరిచూడటానికి ఈఆర్-2తో పాటు కింద ఒక ట్విన్ ఆటర్ విమానాన్ని కూడా ఎగరేశారు. మీకు అంత వసతి లేకపోతే బెంగ అక్కర్లేదు, పైనున్న గాలిని లెక్కలో కలపడం ఒక్కటే అదనపు పని.

ల్యాండయ్యాక మొదటి పని: మీ అంకెనే నిలదీయండి

నేల రిఫ్లెక్టెన్స్, గాలిలో దుమ్ము, నీటి ఆవిరి, సూర్యుడి కోణం, ఇవన్నీ గాలిలో వెలుతురు ప్రయాణాన్ని లెక్కగట్టే మోడ్‌ట్రాన్ లాంటి ప్రోగ్రామ్‌లో పెడితే విమానం ఎత్తులో ఎంత వెలుగు కనిపించాలో చెబుతుంది. దాన్ని మీ పరికరం చూసినదాని పక్కన పెట్టండి. తేడా ఎలా ఉందన్నదే రోగనిర్ధారణ.

గాలిలోని వాయువులు వెలుతురును మింగే చోట స్పెక్ట్రమ్‌లో లోయలు పడతాయి: 760 దగ్గర ఆక్సిజన్ లోయ, 940, 1140 దగ్గర నీటి ఆవిరి లోయలు, 2010, 2060 దగ్గర కార్బన్ డయాక్సైడ్ లోయలు ఉంటాయి. తేడా ఈ లోయల గోడల దగ్గర మాత్రమే పైకీ కిందికీ సూదుల్లా పొడుచుకొస్తే తరంగదైర్ఘ్యం జరిగింది. మీ బ్యాండ్ల కేంద్రాలను 0.1 నానోమీటరు చొప్పున అటూ ఇటూ జరిపి, సూదులు ఎక్కడ మాయమవుతాయో చూడండి. అదే నిజమైన చోటు. పైన చలికి పరికరం కుంచించుకుపోవడం వల్ల ఇలా జరగడం మామూలే.

తేడా అన్ని బ్యాండ్లలో ఒకేలా 3% ఉంటే దీపం దూరాన్నో, ప్యానెల్‌నో, కిటికీ గాజునో అనుమానించండి. నీలం వైపు మాత్రమే పెరుగుతూ పోతే చెదిరిన వెలుగు కావచ్చు, లేదా దుమ్ము లెక్క తప్పు కావచ్చు. ఈ రెండింటినీ విడదీయడం కష్టం, హ్యాంగర్‌లో స్ఫియర్ కొలత తెరిచి చూడాల్సిందే.

ఒక హెచ్చరిక. తేడా కనిపించింది కదా అని విమానం అంకెలను నేల అంకెలకు అతికించేస్తే మీ దగ్గర రెండు సాక్ష్యాలు ఉండవు, ఒక్కటే ఉంటుంది. కారణం దొరికితేనే సవరించండి. దొరకకపోతే ఆ తేడాను అనిశ్చితిలో వేసుకుని ముందుకు వెళ్ళండి.

విమానం నుంచి ఉపగ్రహానికి

ఇక అసలు పోలిక. విమానం పిక్సెల్ 8 మీటర్లు, ఉపగ్రహానిది 30. చదరం మొత్తాన్ని తీసుకుని రెండిటికీ సగటు కట్టండి. ఒక్కొక్క పిక్సెల్‌ను పోల్చితే మ్యాపుల సర్దుబాటు తప్పే కాలిబ్రేషన్ తప్పులా కనిపిస్తుంది. తర్వాత విమానం పైనున్న గాలిని మోడల్‌తో కలిపి వెలుగును ఉపగ్రహం ఎత్తుకు తీసుకెళ్ళండి. చివరగా ఉపగ్రహం బ్యాండు ఆకారంతో (ఆ బ్యాండు ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత పట్టుకుంటుందో చెప్పే వక్రరేఖ) మీ సన్నటి బ్యాండ్లను గుణించి కూడండి.

ఆ ఆకారాన్ని దీర్ఘచతురస్రం అనుకుని సరిపెట్టుకోకండి, సంస్థ ప్రచురించిన వక్రరేఖనే వాడండి. ఉదాహరణకు ఇస్రో రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాలో 770 నుంచి 860 దాకా ఉన్న బ్యాండు తీసుకోండి. దాని కింది అంచు ఆక్సిజన్ లోయను దాదాపు ఆనుకుని ఉంది, మధ్యలో 820 దగ్గర నీటి ఆవిరి చిన్న లోయ ఉంది. విమానంలోంచి చూసిన స్పెక్ట్రమ్‌లో ఆ రెండూ కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి వెడల్పాటి బ్యాండు లోపల ఏం జరుగుతోందో మీకు తెలుస్తుంది. ఇమేజింగ్ స్పెక్ట్రోమీటర్‌తో వచ్చే లాభం ఇదే. ఒక్క పరికరం పది రకాల ఉపగ్రహాలకు రాయిగా పనికొస్తుంది.

రేడియన్స్ బదులు రిఫ్లెక్టెన్స్‌లో పోలుస్తుంటే రెండు వైపులా ఒకే సూర్య స్పెక్ట్రమ్ (సూర్యుడి నుంచి ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుతురు వస్తుందో చెప్పే పట్టిక) వాడారో లేదో చూడండి. ఇప్పుడు సిఫారసు చేస్తున్నది సూర్యుడి వెలుతురును అంతరిక్షం నుంచి కొలిచే టీసిస్-1 పరికరం కొలతల నుంచి కట్టిన స్పెక్ట్రమ్. పాత ఉపగ్రహాల ఫైళ్ళలో వేరేవి ఉంటాయి, కేవలం ఆ తేడాతోనే కొన్ని బ్యాండ్లలో ఉత్తుత్తి తప్పు పుట్టుకొస్తుంది.

ఊహించిన అంకెలతో ఒక లెక్క చూద్దాం. 650 దగ్గర విమానం 112.0 కొలిచింది. పైగాలి కలిపాక 110.4 అయింది. ఉపగ్రహం 104.9 అంటోంది. 110.4ను 104.9తో భాగిస్తే 1.052. ఉపగ్రహం అంకెను 5.2% పెంచాలన్నమాట. ఫోన్ తీసి ఎవరికైనా చెప్పే ముందు అనుమానాల పద్దు రాయండి. ల్యాబు తూకం 2%, పైగాలి 0.7%, చూసే కోణం 1%, సమయం, చదరంలో హెచ్చుతగ్గులు, బ్యాండు ఆకారం ఒక్కోటి 0.5%. ఒక్కొక్కదాన్ని వర్గం చేసి కూడితే 6.24, వర్గమూలం 2.5%. జాగ్రత్తగా మాట్లాడాలంటే దాన్ని రెట్టింపు చేయాలి: 5%. మీకు దొరికిన 5.2% ఆ గీతను ఇప్పుడిప్పుడే దాటింది. నిజమైన తేడా కావచ్చు, కాకపోనూ వచ్చు.

నాలుగైదు తేదీల్లో మళ్ళీ ఎగిరితే తేలిపోతుందని అనుకుంటారు. కొంత తేలుతుంది. దుమ్ము, సమయం, చదరం తప్పులు రోజురోజుకీ మారతాయి కాబట్టి సగటులో తగ్గుతాయి. ల్యాబు దీపం నుంచి వచ్చిన 2% మాత్రం ఎన్ని రోజులు ఎగిరినా అంతే ఉంటుంది, ఎందుకంటే రోజూ అదే రాయి పట్టుకెళ్తున్నారు. అది తగ్గాలంటే ఇంకో ల్యాబులో, ఇంకో దీపంతో పరికరాన్ని చూపించాలి. డబ్బు ఖర్చు పెట్టే అవకాశం ఒక్కదానికే ఉంటే నేను అయిదో ఫ్లైట్ మానేసి రెండో దీపం కొంటాను.

విమానం లేని నెలల్లో చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. రైల్‌రోడ్ వ్యాలీ, ఫ్రాన్స్‌లోని లా క్రౌ, నమీబియాలోని గోబాబెబ్, చైనాలోని బావోతౌ లాంటి చోట్ల రాడ్‌కాల్‌నెట్ పేరుతో పరికరాలు వాటంతట అవే కొలుస్తూ, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా అరగంటకొకసారి అంకెలు ఇస్తుంటాయి. మీ ఉపగ్రహం అక్కడికి వెళ్ళినప్పుడల్లా పోల్చి గ్రాఫు గీస్తూ ఉండండి. సెన్సర్ మెల్లగా జారుతోందా, ఒక్కసారిగా పడిందా అన్నది అందులో తెలుస్తుంది. విమానం ఇచ్చిన అంకె ఆ గ్రాఫుకు మేకులాంటిది.

సవరణ గుణకం ఇచ్చేటప్పుడు

గుణకంతో పాటు నాలుగు సంగతులు అదే ఫైల్లో రాయండి: ఏ తేదీ కొలత, ఏ వెర్షన్ డేటాకు వర్తిస్తుంది, ఏ సూర్య స్పెక్ట్రమ్ వాడారు, అనిశ్చితి ఎంత. వెర్షన్ అన్నిటికంటే ముఖ్యం. సంస్థ కొత్త వెర్షన్‌లో సవరణ ముందే కలిపేసి ఉంటుంది, వాడేవాడు మీ కాగితం చూసి 1.052తో మళ్ళీ గుణిస్తాడు. అలా రెండుసార్లు గుణించిన ఫైళ్ళు నా టేబుల్ మీదికి ఇప్పటికి మూడుసార్లు వచ్చాయి.